వారాల తరబడి ఆదరించిన కుటుంబానికి కృతజ్ఞత ఎలా తెలుపుకోవాలి?

వేగావతి (బొబ్బిలి):

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మా అమ్మకు విశాఖపట్నం హెల్త్ సిటీలోని ఒక ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరిగింది. ఇంటికి పంపించిన తరువాత కూడా కొన్ని వారాలపాటు తరచుగా పరీక్షలకు రావలసి ఉంటుందని, ప్రతిసారీ బొబ్బిలి నుంచి అంత దూరం ప్రయాణం చేయించవద్దని డాక్టర్లు చెప్పారు. దగ్గరలో ఏదైనా గది అద్దెకు దొరుకుతుందేమోనని వెతుకుతూ ఉండగా, ఒకప్పుడు మా నాన్నగారితో కలిసి ఒకే బడిలో పనిచేసిన మాస్టారు ఒకరు అమ్మను చూడటానికి వచ్చి, ఎంవీపీ కాలనీలో ఉన్న తమ ఇంటికే రావాలని పట్టుబట్టి తీసుకువెళ్ళారు. ఆయనను మేము బాబాయిగారనీ, ఆయన భార్యను పిన్నిగారనీ పిలుస్తాము కాని రక్తసంబంధం ఏమీ లేదు.

వారిది రెండు పడకగదుల ఫ్లాటు. ఒక గది కొడుకు, కోడలిది. తమ గది మాకు ఇచ్చి, బాబాయిగారు, పిన్నిగారు అన్నాళ్ళూ హాల్లో పడుకున్నారు. పోటీ పరీక్షకు చదువుకుంటున్న మనవడు తన బల్లను బాల్కనీలోకి మార్చుకున్నాడు. ఉద్యోగానికి వెళ్ళే కోడలుగారు రోజూ తెల్లవారకముందే లేచి, ఉప్పు బాగా తగ్గించిన ఆనపకాయ కూర, పలుచని చారు అమ్మకోసం ముందు వేరుగా వండి, ఆ తరువాతే ఇంటిల్లిపాదికీ వంట మొదలుపెట్టేవారు. అమ్మ ఇప్పుడు బొబ్బిలిలో క్షేమంగా ఉంది. మెల్లగా నడుస్తోంది.

వారికి మా కృతజ్ఞత ఎలా తెలియజేయాలన్న విషయంలో మా ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. అంతమందికి అన్నాళ్ళు ఖర్చు అయింది కాబట్టి కొంత డబ్బు పంపించాలని తమ్ముడు అంటున్నాడు. డబ్బు పంపితే ఆ స్నేహం అక్కడితో ఆగిపోతుందని నాన్నగారి భయం. అందరికీ బట్టలు పెట్టి, గొల్లపల్లిలో చేసే చిన్న బహుమతి వీణ ఒకటి తీసుకువెళ్ళి ఇద్దామని ఆయన ఆలోచన. నాకు మాత్రం ఒక ఉత్తరం రాయాలని ఉంది, కాని ఏమి రాసినా అది అచ్చువేసిన శుభాకాంక్షల కార్డులాగా తయారవుతోంది. అన్నిటికంటే ఎక్కువ శ్రమపడినది కోడలుగారు. ఆవిడను ప్రత్యేకంగా పొగిడితే పిన్నిగారికి చిన్నతనంగా ఉంటుందేమో, పొగడకపోతే ఆవిడ శ్రమను గుర్తించనట్టు అవుతుందేమో అర్థం కావడం లేదు. ఇలాంటి సందర్భాలను చూసినవారు, ముఖ్యంగా ఇంటికి వచ్చేవారిని ఆదరించే అలవాటు ఉన్నవారు, మీ అభిప్రాయం చెప్పగలరని కోరుతున్నాను.


సీతమ్మధార గృహిణి:

అమ్మా, ముందుగా మీ అమ్మగారు కోలుకుంటున్నందుకు చాలా సంతోషం. మా ఇల్లు ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర కావడంవల్ల పరీక్షలు రాయడానికి, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు, ఆసుపత్రులకు, సింహాచలం మొక్కులకు వచ్చే చుట్టాలలో చాలామంది మా ఇంట్లోనే దిగుతారు. కాబట్టి ఆతిథ్యం ఇచ్చేవారి వైపు నుంచి నాకు తెలిసినది చెబుతాను.

వచ్చినవారు ఏమి ఇచ్చారన్నది కొన్నాళ్ళకు మాకు గుర్తుండదు. పళ్ళు, స్వీట్లు అందరూ తెస్తారు, అవి అయిపోతాయి. మేము చేసిన పనిలో దేనిని వారు గమనించారో చెప్పిన మాట మాత్రం ఉండిపోతుంది. మా మరిది వరస అయ్యే ఒక పిల్లవాడు బ్యాంకు పరీక్ష రాయడానికి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. పరీక్షా కేంద్రం కూర్మన్నపాలెం అవతల, ఉదయమే హాజరు కావాలి. నేను చీకటితో లేచి నాలుగు ఇడ్లీలు పెట్టి, పచ్చడి లీకవకుండా చిన్న డబ్బాలో పోసి ఇచ్చాను. అందులో గొప్పేమీ లేదు, ఏ ఇంట్లోనైనా చేసే పనే. ఊరు వెళ్ళిన తరువాత ఆ పిల్లవాడు నోటుపుస్తకం కాగితం మీద నాకు ఒక ఉత్తరం రాశాడు. “వదినా, ఆరోజు మీరు లేచిన చప్పుడుకి నాకూ మెలకువ వచ్చింది, కాని లేస్తే మీరు ఇంకా హడావుడి పడతారని కళ్ళు మూసుకుని పడుకున్నాను. బస్సులో డబ్బా తెరిచేసరికి ఇడ్లీల మీద నెయ్యి రాసి ఉంది. మా అమ్మ తప్ప ఇంకెవరూ నాకు అలా రాసి ఇవ్వలేదు” అని అందులో ఉంది. ఆ కాగితం ఈరోజుకీ మా బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉంది. ఆ పిల్లవాడు తెచ్చిన పళ్ళు ఏవో నాకు గుర్తులేదు.

అందుచేత మీరు ఉత్తరం రాయాలన్న ఆలోచన వదలవద్దు. “మీ మేలు మరువలేము”, “మీ రుణం తీర్చుకోలేము” వంటి మాటలు తప్పు కావు, కాని అవి ఎవరికైనా రాయవచ్చు, అందుకే అచ్చువేసిన కార్డులాగా అనిపిస్తున్నాయి. మీరు ఇక్కడ మాకు రాసిన ఆనపకాయ కూర, బాల్కనీలోకి మారిన బల్ల, హాల్లో పరచుకున్న పక్కలు, ఇవే వారికి రాయండి. మనం చూశామని వారికి తెలియాలి.

ఇక కోడలుగారి విషయం. ఆవిడను పొగిడితే అత్తగారు చిన్నబుచ్చుకుంటారన్న భయం నిజమే, కాని దానికి మార్గం ఆవిడ పేరు ఎత్తకుండా ఉండటం కాదు. అత్తగారి ఎదుటే, అత్తగారితోనే చెప్పండి. “పిన్నీ, అమ్మాయి ఆఫీసుకు వెళ్ళే తొందరలో కూడా అమ్మ చారు విడిగా పెట్టడం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు” అని మీరు అంటే, తన ఇంటి పద్ధతిని మెచ్చుకున్నట్టుగానే ఆ తల్లికి వినబడుతుంది. నేను ఒక కోడలికి అత్తను కాబట్టి చెబుతున్నాను, నా కోడలిని ఎవరైనా నా ముందు మెచ్చుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది. అయితే నన్ను పక్కకు పిలిచి “మీ కోడలు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో” అంటే మాత్రం, మరి నేను ఏమి చేసినట్టు అనిపిస్తుంది. ఇద్దరికీ చీరలు పెట్టదలచుకుంటే ఒకే ధరవి, ఒకే కొట్టులోవి తీసుకుని, బొట్టు పెట్టి, పసుపు కుంకుమలతో, తాంబూలంతో కలిపి ఇవ్వండి. ఒకరికి పట్టు, మరొకరికి నూలు అనే తేడా రానివ్వవద్దు.

డబ్బు మాత్రం పంపవద్దు. మీ నాన్నగారి మాట సరైనది.


గోపాలపట్నం విశ్రాంత ఉద్యోగి:

పై సోదరీమణి ఉత్తరం గురించి చెప్పిన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చీరల విషయంలో మాత్రం నాది కొంచెం వేరే ఆలోచన. ఇంటికి చేరగానే, వారం తిరగకుండానే, బట్టలూ బహుమతులూ పట్టుకుని వెళ్ళడం నాకు అంతగా నచ్చదు. అది ఎంత ప్రేమతో చేసినా, చేసిన ఉపకారానికి వెంటనే లెక్క సరిచేసినట్టు కనిపించే ప్రమాదం ఉంది. అంతటి ఆదరణకు బదులు చెప్పడానికి కొంత కాలం పడుతుంది, పట్టనివ్వాలి కూడా.

నా అనుభవం చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు మా ఇంటి పైకప్పు రేకులు ఒక్కొక్కటిగా లేచిపోయాయి. నేను, నా భార్య, కదలలేని మా అమ్మ ఆ గాలివానలో ఎదురింటికి చేరాము. వారిది శ్లాబు ఇల్లు, కాని కిటికీల అద్దాలన్నీ పగిలి ఉన్నాయి. తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు దొరకడమే గగనమైపోయింది. ఆ పరిస్థితిలో కూడా ఆ ఇంటి ఇల్లాలు తాగడానికి పట్టి ఉంచిన నీళ్ళలో నుంచి మా అమ్మకు మందు వేసుకోవడానికి, ఒళ్ళు తుడవడానికి వేరుగా ఒక బిందె తీసి పెట్టేది. తన పిల్లలను స్నానాలు మానిపించింది. మేము ఇల్లు బాగుచేయించుకుని తిరిగి వెళ్ళినప్పుడు వారికి ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి మా దగ్గర లేదు, ఒకవేళ ఉన్నా, వారు కూడా నష్టంలోనే ఉన్న ఆ సమయంలో మా చేతిలోనిది పుచ్చుకోవడం వారికి కష్టంగా ఉండేది. ఆ బిందె సంగతి మాత్రం నా భార్య ఆమెతో కూర్చుని చెప్పుకుంది, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

కొన్నేళ్ళకు వారి అమ్మాయి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి రెండు రోజుల ముందే నా భార్య వెళ్ళి సామాను గది తాళాలు తీసుకుంది. వంటవాళ్ళకు ఏ పూటకు ఎంత నూనె, ఎంత పప్పు కొలిచి ఇవ్వాలో, విడిదింటికి కాఫీలు ఎప్పుడు వెళ్ళాలో అన్నీ తానే చూసుకుంది. నేను స్టేషన్ దగ్గర నిలబడి మగపెళ్ళివారిని దింపుకునే పని తీసుకున్నాను. ఆ ఇంటి యజమాని తన కూతురి పెళ్ళిలో కాస్త స్థిమితంగా కూర్చుని కన్యాదానం చేయగలిగాడు. మా వైపు నుంచి కృతజ్ఞత అంటే అదే అని వారికీ తెలుసు, మాకూ తెలుసు, ఎవరమూ ఆ మాట పైకి అనుకోలేదు.

మీ విషయంలో కూడా ఆ మనవడు పోటీ పరీక్ష రాస్తున్నాడన్నారు కదా. ఫలితాలు ఎప్పుడు వస్తాయో గుర్తుపెట్టుకుని, ఆరోజు మీ నాన్నగారి చేత ఫోన్ చేయించండి. బాబాయిగారు బొబ్బిలి వైపు ఏ పని మీద వచ్చినా మీ ఇంట్లోనే దిగేలా చూడండి. సింహాచలం చందనోత్సవానికి ఏటా మా ఇంటికి వచ్చే చుట్టాలలో ఒక కుటుంబం ఉంది. అక్షయ తృతీయనాడు అప్పన్న నిజరూప దర్శనం చేసుకుని వెళ్ళిపోతారు, అంతవరకూ అందరిలాగే. కాని నాకు కంటి ఆపరేషన్ జరిగిన సంగతి ఎవరి ద్వారానో తెలుసుకుని, చెప్పా పెట్టకుండా వచ్చి, పూటంతా నాకు వార్తాపత్రిక చదివి వినిపించి వెళ్ళారు. ఇన్నేళ్ళూ వారికి వండి వడ్డించిన నా భార్య ఆ సాయంత్రం ఎంత సంతోషించిందో నేను చెప్పలేను.


మధురవాడ కోడలు:

నేను మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అత్తమామలతో కలిసి ఉంటాము, మా ఇంటికి కూడా ఆసుపత్రి పనుల మీద బంధువులు వస్తూనే ఉంటారు. మీ ప్రశ్నలో కోడలుగారి ప్రస్తావన చూసి, ఆవిడ స్థానంలో ఉన్న మనిషిగా కొన్ని మాటలు రాయాలనిపించింది.

డబ్బు గురించి పెద్దలు చెప్పినదానిని గౌరవిస్తూనే నేను కొంత విభేదిస్తున్నాను. ఖర్చు అనేది నిజమైన విషయం, దాని గురించి ఆలోచించిన మీ తమ్ముడిని తక్కువ చేయకూడదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులు వారాల తరబడి పెరిగితే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మామూలుగా వచ్చేదానికంటే ముందే అయిపోతుంది. రోగి కోసం వేసవిలో పగలు కూడా ఏసీ వేస్తే కరెంటు బిల్లు పై శ్లాబులోకి వెళుతుంది, అక్కడ యూనిట్ ధరే ఎక్కువ. పాలు, పళ్ళు, కూరగాయలు సరేసరి. ఇవన్నీ ఒక మధ్యతరగతి కుటుంబం నెల జీతంలో నుంచే పెట్టుకుంటుంది, వచ్చినవారికి తెలియనివ్వదు. పైగా ఇంటి పద్దు నా చేతిలో ఉంటే ఆ భారం తెలిసేది నాకే.

అలాగని చెప్పకుండా ఫోన్‌లో డబ్బు బదిలీ చేస్తే మా మామగారు ఆరోజు అన్నం తినరు. కాబట్టి చేయవలసిన పద్ధతి వేరు. ఉన్నన్ని రోజులలో అయితే, ఉదయం పాల ప్యాకెట్లు మేమే తెస్తామని ఒక పని తీసుకోవడం, వారానికి ఒకసారి రైతుబజారుకు వెళ్ళి ఇంటికి సరిపడా కూరగాయలు తేవడం వంటివి చేయవచ్చు. అవి అడిగి చేసేవి కావు, సంచి పట్టుకుని బయలుదేరిపోవడమే. ఇప్పుడు మీరు ఊరికి చేరిపోయారు కనుక, మీ వైపు పండేది పంపండి. మీకు పొలం ఉంటే ఒక బస్తా పాత బియ్యం, కొన్ని కందులు, నువ్వులు, చోళ్ళు, ఇంకా దొరికితే నాలుగు సువర్ణరేఖ మామిడిపళ్ళు. “మా పొలంలోవి, మీరు రుచి చూడాలి” అంటే కాదనగలిగే పెద్దవారు మన వైపు ఉండరు. ఒక బస్తా బియ్యం అంటే ఆ ఇంటికి నెలపైన సరిపోతుంది, ఆ నెల సామాను చీటీలో ఒక పెద్ద పద్దు తగ్గుతుంది. మీ తమ్ముడి కోరికా తీరుతుంది, మీ నాన్నగారి మాటా నిలుస్తుంది.

వీణ గురించి. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే ఆ పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కాని రెండు గదుల ఫ్లాటులో, పిల్లవాడి బల్లే బాల్కనీలో ఉన్నచోట, గాజుపెట్టెలో వచ్చే వస్తువును ఎక్కడ పెట్టుకోవాలి, రోజూ దుమ్ము ఎవరు తుడవాలి అన్నది కూడా ఆలోచించండి. తుడవవలసినది మళ్ళీ ఆ కోడలే. బాబాయిగారికి సంగీతమంటే ఇష్టమని మీ నాన్నగారికి తెలిసి ఉంటే అది వేరే సంగతి, అప్పుడు తప్పకుండా ఇవ్వండి.

ఆ కోడలికి మీరు నేరుగా, విడిగా ఒక మాట చెప్పండి. అత్తగారి ఎదుట మెచ్చుకోవడం మంచిదే, కాని నాకు వచ్చే మెచ్చుకోళ్ళన్నీ మా అత్తగారి ద్వారానే వస్తాయి. నా ఫోన్‌కి నా పేరుతో ఎవరైనా సందేశం పంపితే, ఆరోజు ఆఫీసులో నేను దానిని చాలాసార్లు చూసుకుంటాను. కుటుంబ వాట్సాప్ గ్రూపులో అందరి మధ్య పెట్టవద్దు. అక్కడ పెడితే ఆదరించలేకపోయిన మిగిలిన బంధువులను దెప్పినట్టు అవుతుంది, ఒక్కొక్కరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టి వదిలేస్తారు. మీ అమ్మగారు వాకిట్లో నడుస్తూ ఉండగా చిన్న వీడియో తీసి ఆవిడకు పంపండి. తన చేతి వంట తిని కోలుకున్న మనిషి నడవడం చూడటం ఆవిడకు ఏ చీర కంటే తక్కువ కాదు.

ఒక విషయం ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో పనిమనిషి ఉంటే, అన్నాళ్ళూ గిన్నెలు, బట్టలు, తడిగుడ్డలు ఆమెకు రెట్టింపు అయి ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఆమెకు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోయి ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు పిన్నిగారికి చెప్పి, ఆవిడ ఎదుట, ఆమె చేతికే ఇవ్వండి. ఇక్కడ మాత్రం డబ్బే సరైనది. మొహమాటపడవలసిన అవసరం లేదు, చీర ఇస్తే ఆమెకు ఆ నెల అవసరం తీరకపోవచ్చు.


భీమిలి మాస్టారు:

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి రిటైరయ్యాను. లేఖారచన పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు నేను ఒకే ఒక సూచన ఇచ్చేవాడిని. ఉత్తరం అందుకున్నవారు దానిని చదువుతూ ఉండగా వారి కళ్ళ ముందు ఏమి కనబడాలని నీవు కోరుకుంటున్నావో ముందు అది అనుకుని, ఆ తరువాత కలం పట్టుకోమనేవాడిని. ఈ చర్చలో ఉత్తరం ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీరు ఇచ్చిన వివరాలతోనే ఒక నమూనా రాశాను. దీనిని యథాతథంగా ఎత్తిరాయవద్దు, మీ ఇంటి మాటల్లోకి మార్చుకోండి.

“బాబాయిగారికీ పిన్నిగారికీ నమస్కారములు. మేము క్షేమంగా ఇల్లు చేరాము. అమ్మ ఉదయం, సాయంత్రం వాకిట్లో నడుస్తోంది. నిన్న డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడాము, మందులలో ఒకటి తగ్గించారు. ఇక్కడ నేను చారు పెడితే, మీ ఇంటి చారులాగా లేదని అమ్మ అంటోంది. కోడలు అమ్మాయిని అడిగి, ఉప్పు లేకపోయినా ఆ రుచి ఎలా వస్తుందో నాకు చెప్పమనండి. మేము మీ గదిలో మంచం మీద పడుకుంటే మీరు హాల్లో చాప పరచుకున్న సంగతి అమ్మ రోజూ తలుచుకుంటోంది. రాత్రి అమ్మ దగ్గినప్పుడల్లా హాల్లో దీపం వెలిగేది, పిన్నిగారు నిద్రపోలేదని మాకు తెలిసేది. బాబు తన బల్ల మార్చుకుని కూడా ఒక్కమాట అనలేదు, వాడి ఫలితం కోసం మేమందరం ఎదురుచూస్తున్నాము. నాన్నగారు మీతో చాలా మాట్లాడాలనుకుంటారు కాని ఫోన్‌లో గొంతు పెగలడం లేదు, అందుకని నన్ను రాయమన్నారు. పొలం పనులు కాస్త తెమలగానే వచ్చి కలుస్తారు.”

దీపం సంగతి నేను కల్పించినది, మీ ఇంట్లో జరిగినది ఏదో మీరు ఆ చోట రాయండి. ఇందులో పొగడ్త ఎక్కడా లేదని గమనించండి. చారు ఎలా పెట్టాలో అడగడం ఆ అమ్మాయికి ఇచ్చిన గౌరవం, పైగా అది జవాబు రావలసిన ప్రశ్న కూడా, మాటలు అక్కడితో ఆగిపోవు. అక్షరాలు మీ చేతివే ఉండాలి. కింద మీ అమ్మగారి చేత సంతకం పెట్టించండి, చేయి వణికినా సరే.

ఉత్తరం ఆలస్యం చేయవద్దు. బట్టలు, బియ్యం నెల తరువాత వెళ్ళినా ఏమీ కాదు, ఆ విషయంలో గోపాలపట్నం మిత్రుడు చెప్పినది బాగుంది. కాని చేరామన్న కబురు చేరిన పూటే వెళ్ళాలి, ఉత్తరం ఆ వారంలోనే అందాలి. మా అమ్మాయి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం విశాఖపట్నంలో ఎక్కి, తెల్లవారి హైదరాబాదులో దిగేవరకూ నేను ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను. ఆదరించి పంపినవారు కూడా అలాగే ఉంటారు.

తినే వస్తువులు తీసుకువెళ్ళేటప్పుడు ఒక జాగ్రత్త. మాడుగుల హల్వా చాలా మంచి బహుమతి, గోధుమపాలతో, నెయ్యితో చేసినది కనుక చాలా రోజులు నిలవ ఉంటుంది. కాని ఆ ఇంట్లో పెద్దవారికి చక్కెర వ్యాధి ఉందేమో అన్నాళ్ళు ఉన్న మీకు తెలిసే ఉంటుంది. ఉంటే అరకు కాఫీ పొడి తీసుకువెళ్ళండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ అది. పిల్లవాడి బల్ల మీదికి ఏటికొప్పాక లక్కబొమ్మల పనితనంతో చేసిన కలాల గిన్నె ఒకటి చాలు. అంకుడు కర్రతో చేస్తారు కనుక తేలికగా ఉంటుంది, చోటు కూడా పట్టదు. ఇంకా, వారు మీతో పంపిన స్టీలు డబ్బాలు, కారియర్ ఏవైనా మీ దగ్గర ఉండిపోతే అవి ముందు తిరిగి చేర్చండి. ఖాళీగా మాత్రం ఇవ్వకండి, కాసిని నువ్వుల ఉండలైనా వేసి ఇవ్వండి.


వేగావతి (బొబ్బిలి):

ఇంత ఓపికగా, ఇంత ప్రేమగా సమాధానాలు ఇచ్చిన మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీ మాటలన్నీ అమ్మకూ నాన్నగారికీ చదివి వినిపించాను. ఉత్తరం ఈ రాత్రికే రాస్తున్నాను. దీపం బదులు నేను చూసినది ఒకటి ఉంది. ఆపరేషన్ కుట్ల వల్ల అమ్మ వంగలేకపోతే, పిన్నిగారు పీట వేసుకుని కూర్చుని రోజూ అమ్మ కాళ్ళకు తువ్వాలు ఒత్తి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచేవారు. అది రాస్తాను. చారు సంగతి కోడలుగారికి ఇందాకే సందేశం పెట్టాను. ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి దంచి, ఆఖరున నిమ్మరసం పిండాలని వెంటనే జవాబు ఇచ్చారు. కారియర్ మా దగ్గరే ఉండిపోయిన మాట నిజమే, అది నాన్నగారికి అప్పుడే గుర్తు వచ్చింది.

పనిమనిషి గురించి అడిగారు కదా. వచ్చేటప్పుడు ఆమె చేతికి కొంత ఇచ్చాము, అయినా అది చాలదని అమ్మ అంటోంది. ఈసారి వెళ్ళినప్పుడు మళ్ళీ ఇస్తాము.

ఇంకొక్క సందేహం. అమ్మకు తరువాతి పరీక్ష ఆషాఢ పౌర్ణమికి ముందురోజున ఇచ్చారు. ఆరోజే ఆసుపత్రి పని చూసుకుని, బియ్యం, చీరలు పట్టుకుని వారింటికి వెళ్ళాలని నాన్నగారు అంటున్నారు. అమ్మ కూడా స్వయంగా వస్తానంటోంది. భోజనం వేళకు వెళితే మళ్ళీ వారికి శ్రమ, వేళకాని వేళ వెళితే తినకుండా పంపారని వారికి బాధ. ఏమి చేయమంటారు?


సీతమ్మధార గృహిణి:

ఆరోజు వద్దమ్మా. ఆషాఢ పౌర్ణమికి ముందురోజున సింహాచలం గిరి ప్రదక్షిణ మొదలవుతుంది. 32 కిలోమీటర్ల దారి కొండ చుట్టూ తిరిగి హనుమంతువాక, ఎంవీపీ కాలనీ, మా సీతమ్మధార మీదుగానే వెళుతుంది. లక్షల మంది నడుస్తారు, పోలీసులు బళ్ళను ఆపివేసి వేరే దారి పట్టిస్తారు. కోలుకుంటున్న మనిషిని, పైగా బియ్యం బస్తాతో, ఆ రద్దీలోకి తీసుకురావద్దు. పైగా ఆ కాలనీలో చాలామంది ఆరోజు నడిచేవారికి మజ్జిగ, మంచినీళ్ళు అందించే పనిలో ఉంటారు, మీ పిన్నిగారు కూడా ఉండవచ్చు. పరీక్ష తేదీని కొంచెం వెనక్కి జరపడానికి వీలవుతుందేమో డాక్టరుగారిని అడగండి. వీలుపడదంటే, మధ్యాహ్నంలోపు ఆసుపత్రి పని మాత్రం ముగించుకుని నేరుగా ఊరు వెళ్ళిపోండి, వారింటికి మరొకసారి రావచ్చు. శ్రావణంలో వస్తే చీరలకు, పసుపు కుంకుమలకు కూడా బాగుంటుంది.

భోజనం సంగతి మొహమాటపడవద్దు. రెండు రోజుల ముందే పిన్నిగారికి ఫోన్ చేసి, ఫలానా రోజు భోజనానికి వస్తున్నామని, ఇంతమందిమి వస్తామని చెప్పండి. కోడలుగారికి సెలవు ఉండే రోజు ఏదో అడిగి దానికి తగ్గట్టు పెట్టుకోండి. అమ్మగారి కూర, చారు మీరు ఇంటి దగ్గరే వండి ఆ కారియర్‌లోనే సర్దుకుని వెళ్ళండి. మిగిలిన వంట వారిది, వారు వడ్డించినప్పుడు కడుపునిండా తినండి. భోజనం అయ్యాక మీరు వంటింట్లోకి వెళ్ళి కోడలుగారిని కూర్చోబెట్టి, ఆవిడకు మీరు వడ్డించండి.